అంగడి వీధి

‘వీధి’ అనే మాటకు నడిచే దారి అనే అర్థం ఒక్కటే కాదు. సంస్కృత లాక్షణికులు చెప్పిన దశరూపకాలలో ఒకదానికి ‘వీధి’ అని పేరు. తెలుగులో ఆ పేరుతో ప్రసిద్ధికెక్కిన రచన వినుకొండ వల్లభరాయని ‘క్రీడాభిరామం’. అందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులలో తిరుగుతారు. కొనవలసిన సరుకుల పట్టీ ఏదీ వారి చేతిలో లేదు. కోడిపందెం కనబడితే నిలబడి చూస్తారు. పొట్టేళ్ళ పోరు జరుగుతుంటే అక్కడ ఆగుతారు. ఆకలి వేసినప్పుడు పూటకూళ్ళ ఇంట రూక చెల్లించి భోజనం చేస్తారు. నాటి వీధి కొనుగోలు స్థలం మాత్రమే కాదని, పనిలేనివాడు కూడా దర్జాగా తిరుగదగిన చోటని ఆ రచన వలన తెలుస్తుంది. ఇక్కడ మనకు దానితో పని ఇంతవరకే.

మన అంగడి వీధికి ఆంగ్లంలో దగ్గరగా ఉన్న మాట ‘హై స్ట్రీట్’. ఇందులోని ‘హై’ శబ్దానికి ఎత్తు అని కాక ప్రధానమైనది అని అర్థం చెప్పుకోవాలి. మన పట్టణాలలో ‘మెయిన్ రోడ్డు’ అన్నట్లే బ్రిటన్‌లో ఇంచుమించు ప్రతి ఊరిలోను ఒక హై స్ట్రీట్ ఉంటుంది. ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా కనబడే వీధి పేరు అదే. ఇరవయ్యవ శతాబ్ది చివరి భాగం నుండి ఆ వీధులు ఒక్కొక్కటిగా కళ తప్పుతూ వచ్చాయి. దుకాణం మూతపడితే వ్యాపారి నష్టపోతాడన్నది అందరికీ తెలిసినదే. ఊరు ఏమి కోల్పోతుందన్నది అంత సులభంగా తెలియదు. బ్రిటన్ అనుభవంలో అది స్పష్టంగా కనిపిస్తుంది.

మధ్యయుగంలో అక్కడ సంత జరుపుకొనే హక్కు రాజు ప్రసాదించే అధికార పత్రం వలన సంక్రమించేది. సంత స్థలం నడుమ రాతితో ఒక శిలువ నిలిపేవారు. దాని చుట్టూ వారానికొకసారి చేరే బండ్లు, గంపలు క్రమంగా స్థిరమైన కొట్లుగా మారాయి. పారిశ్రామిక విప్లవం తరువాత కర్మాగారాల చుట్టూ ఊళ్ళు పెరిగాయి. కూలి డబ్బులతో బ్రతికే జనానికి కల్తీ సరుకు, తప్పుడు తూకం నిత్యానుభవమయ్యాయి. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో నేతపనివారితో సహా 28 మంది సామాన్యులు పైసా పైసా కూడబెట్టి సొంతంగా ఒక కొట్టు తెరిచారు. మొదటి రోజున వారి దగ్గర ఉన్నవి వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్ల పిండి, కొవ్వొత్తులు, అంతే. ప్రపంచ సహకారోద్యమ చరిత్రలో ఆ చిన్న కొట్టుకు గల స్థానం గొప్పది.

1884లో లీడ్స్ నగరపు సంతలో మైకేల్ మార్క్స్ అనే యూదు వలసదారు ‘పెన్నీ బజారు’ అనే పేరుతో ఒక బల్ల పెట్టాడు. ధర అడుగనక్కరలేదని, ఏ వస్తువైనా ఒక్క పెన్నీయేనని దాని మీద వ్రాసి ఉంచాడు. ‘బజారు’ అనే పారశీక పదం మన భాషలోకి వచ్చినట్లే ఆంగ్లంలోకి కూడా ప్రవేశించి, అక్కడి కార్మికుల వాడలో పేరు పలకగా నిలవడం చూడముచ్చటైన విషయం. ధర అడుగక్కరలేకపోవడం మనకు చిన్న సంగతిగా తోచవచ్చు. చేతిలో చిల్లర తక్కువగా ఉన్నవాడికి నలుగురిలో ధర అడిగి, కొనలేక వెనుదిరగడం కంటె అవమానం లేదు. మార్క్స్ ఆ అవమానాన్ని తొలగించాడు. తరువాతి కాలంలో ప్రసిద్ధమైన మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాలకు ఆ బల్లయే మొదలు. 1909లో అమెరికా నుండి వచ్చిన వూల్వర్త్స్ సంస్థ లివర్‌పూల్‌లో తొలి దుకాణం తెరిచి, క్రమంగా దేశమంతటా వ్యాపించింది.

ఈ విధంగా ఏర్పడిన వీధిలో రొట్టెల దుకాణం, మాంసపు కొట్టు, మందుల షాపు, బట్టల అంగడి, తపాలా కార్యాలయం, బ్యాంకు, తేనీటిశాల వరుసగా ఉండేవి. ఒక పని మీద వచ్చిన మనిషి మరి నాలుగు పనులు చక్కబెట్టుకొని వెళ్ళేవాడు. ఆ నడకలో పదిమంది ఎదురుపడేవారు. అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో నగర జీవనంపై ప్రచురించిన గ్రంథంలో న్యూయార్కులో తాను నివసించిన వీధిని వర్ణిస్తూ ఒక ఆచారాన్ని పేర్కొన్నది. ఊరికి వెళ్ళేవారు, చుట్టాలు వస్తారని ఎదురుచూసేవారు తమ ఇంటి తాళం చెవిని వీధిలోని దుకాణదారుకు అప్పగించి వెళ్ళేవారు. అతడు వారికి బంధువు కాడు. స్నేహితుడని చెప్పడానికి కూడా వీలులేదు. ఇంటి గుట్టు అడుగడు, తాళం చెవి మాత్రం భద్రంగా ఉంచుతాడు.

చుట్టరికం లేని ఈ పరిచయమే అంగడి వీధి ఊరికి చేసే అసలు మేలు. దీనికి ధర లేదు. దీనిని ఏ లెక్కల పుస్తకంలోను వ్రాసుకోరు. మన కిరాణా కొట్లలో ‘నేడు నగదు – రేపు అరువు’ అనే అట్ట వేలాడుతూ ఉంటుంది. ఆ అట్ట కిందనే, గల్లాపెట్టె పక్కన, అరువు ఖాతాల పుస్తకం కూడా ఉంటుంది. అట్ట ముక్కు మొహం తెలియనివారికి, పుస్తకం తెలిసినవారికి. ఎవరికి జీతం ఏ తేదీన వస్తుందో, ఎవరి ఇంట జబ్బు మనిషి ఉన్నాడో, ఎవరి పిల్లవానికి పరీక్ష రుసుము కట్టవలసి ఉన్నదో కొట్టు యజమానికి తెలుసు. బ్యాంకులు ఏ కాగితం చూసి అప్పు ఇస్తాయో, ఆ కాగితం లేనివారికి ఆ తెలియడమే పూచీకత్తు.

ఇక పతనం మాట. దానికి ఒక్క కారణం చెప్పడం తప్పు. 1950 ప్రాంతంలో కొనేవారే సరుకు ఎంచుకొని బుట్టలో వేసుకొనే స్వయంసేవ పద్ధతి బ్రిటన్‌లో వ్యాపించసాగింది. అప్పటికి చాలా వస్తువుల అమ్మకపు ధరను తయారీదారే నిర్ణయించేవాడు. కనుక చిన్న కొట్టులోను, పెద్ద దుకాణంలోను ధర ఒకటే. 1964లో వచ్చిన చట్టం ఈ కట్టుబాటును చాలవరకు తొలగించింది. టోకుగా కొనగలిగినవాడు చవకగా అమ్మే వీలు కలిగింది. ఇంతలో ఇంటింటికీ కారు వచ్చింది. కారులో వచ్చేవాడికి కావలసినది బండి నిలుపుకొనే చోటు. ఇరుకైన పాత వీధిలో అది లేదు.

ఈ కారణాలన్నీ ఒక్కచోట కలిసి పనిచేసిన ఊరు డడ్లీ. ఇంగ్లండు నడిబొడ్డున, బొగ్గు గనులతో, ఇనుప పరిశ్రమతో పొగచూరిన ప్రాంతంలో ఉన్న పాత సంత పట్టణమిది. దానికి సమీపంలోని రౌండ్ ఓక్ ఉక్కు కర్మాగారం 1982 చివర మూతపడింది. ఉపాధి కోల్పోయిన ఆ ప్రాంతాన్ని ఆదుకోవడానికి ప్రభుత్వం అక్కడ ఒక ప్రత్యేక మండలాన్ని ప్రకటించింది. అందులో కట్టే వ్యాపార భవనాలకు పదేళ్ళపాటు స్థానిక పన్ను మినహాయింపు. కొత్త పరిశ్రమలు వస్తాయని ఆశించారు. కాని అక్కడ 1980 దశకం ద్వితీయార్థంలో అంచెలంచెలుగా వెలసినది ‘మెరీ హిల్’ అనే బ్రహ్మాండమైన దుకాణాల సముదాయం. ఎండావానల బెడద లేదు. కారు నిలుపుకోవడానికి విశాలమైన స్థలం ఉంది. కొద్ది మైళ్ళ దూరంలోని డడ్లీ వీధిలో పన్ను కడుతూ వ్యాపారం చేస్తున్న పెద్ద సంస్థలు ఒకదాని వెంట ఒకటి అక్కడికి తరలిపోయాయి.

పెద్ద దుకాణాలు పోతే చిన్నవాటికి పోటీ తగ్గి మేలు జరుగుతుంది కదా అని విద్యార్థులకు సందేహం కలుగవచ్చు. జరిగినది అందుకు విరుద్ధం. పెద్ద బట్టల దుకాణానికి వచ్చినవారే తోవలో రొట్టె కొనేవారు, చెప్పులు కుట్టించుకొనేవారు, తేనీరు త్రాగేవారు. ఆ జనప్రవాహమే చిన్న కొట్ల జీవాధారం. ఏటిని మళ్ళించిన తరువాత దాని ఒడ్డున ఉన్న చెట్లకు ఎవరూ గొడ్డలి పెట్టనక్కరలేదు. కారు లేనివారు, వృద్ధులు మాత్రం పాత వీధికే రావలసి వచ్చింది. వారి చేతిలో డబ్బు తక్కువ. కనుక అక్కడ మిగిలే దుకాణాల తీరు కూడా మారింది. ఇటువంటి అనుభవాల తరువాత 1996లో ప్రభుత్వం ఊరి వెలుపల పెద్ద దుకాణాల అనుమతులకు కఠిన నిబంధనలు పెట్టింది. డడ్లీ విషయంలో అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఆ తరువాతి దెబ్బ అంతర్జాల వ్యాపారం. 2000 దశకం నడుమ బ్రిటన్‌లో చిల్లర వ్యాపారంలో దాని వాటా నూటికి మూడు వంతుల చుట్టుపక్కల ఉండేది. 2021 జనవరిలో, కరోనా కట్టడి కాలంలో, అది 35 శాతాన్ని మించింది. కట్టడి తొలగిన తరువాత తగ్గినా నాలుగోవంతుకు పైగానే నిలిచింది. వీధిలోని దుకాణం చెల్లించే పన్ను ఆ భవనపు అద్దె విలువను బట్టి ఉంటుంది. ఊరికి దూరంగా, చవక నేలలో గిడ్డంగి కట్టుకొని సరుకు పంపే సంస్థకు అదే లెక్కన భారం తక్కువ. 1909లో లివర్‌పూల్‌లో మొదలైన వూల్వర్త్స్ 2008 చివర దివాలా తీసి, 2009 జనవరి నాటికి తన 807 దుకాణాలనూ మూసివేసింది. దాదాపు 27,000 మంది పని పోయింది. 2016లో బి.హెచ్.ఎస్. అనే సంస్థ కూలినప్పుడు ఉద్యోగాలతోపాటు వేలమంది పాత ఉద్యోగుల పింఛను నిధి కూడా చిక్కులో పడింది. 1778 నాటి మూలాలు గల డెబెన్‌హామ్స్ తన చివరి దుకాణాలను 2021లో మూసింది. అయితే ఈ సంస్థలన్నీ అంతర్జాలం వల్లనే పోయాయనడం సరికాదు. అప్పులు చేసి లాభాలు తీసుకొన్న యజమానుల పాత్ర కూడా కొన్నింటిలో ఉంది.

దీని ఫలితంగా వీధిలో ఏమి మిగిలింది? మూసిన తలుపులు, పందెపు దుకాణాలు, దానంగా వచ్చిన పాత బట్టలు, పుస్తకాలు అమ్మే ధర్మసంస్థల కొట్లు. దుకాణాలు పోగా జనం తగ్గారని బ్యాంకులు తమ శాఖలను ఎత్తివేశాయి. 2015 నుండి ఆ దేశంలో మూతపడిన బ్యాంకు శాఖలు 6,000కు పైబడినవి. బ్యాంకు లేనందున నగదు జమ చేసుకొనే వీలులేక మరికొన్ని కొట్లు పోయాయి. వీధి దీపాల వెలుగులో కొట్లలోని దీపాల పాలు ఎంతో అవి ఆరిపోయిన తరువాతనే తెలుస్తుంది. సాయంత్రం ఒంటరిగా నడిచే స్త్రీకి ఆ తేడా మొదట తెలుస్తుంది.

ఒంటరితనాన్ని ఎదుర్కొనే బాధ్యతను బ్రిటన్ ప్రభుత్వం 2018లో ఒక మంత్రికి అప్పగించింది. దానికి వీధుల క్షీణత ఒక్కటే కారణమని నేననను. కుటుంబాలు చిన్నవైనాయి, ఆయుర్దాయం పెరిగింది. కాని వారమంతా ఎవరితోను మాట్లాడని వృద్ధునికి, రొట్టెల దుకాణంలో వాన గురించి ఆడే రెండు మాటలు చిన్నవి కావు. నెదర్లాండ్స్‌లోని జంబో అనే సూపర్ మార్కెట్ సంస్థ 2019లో ఒక కొత్త ఏర్పాటు చేసింది. త్వరగా వెళ్ళవలసిన అవసరం లేనివారు డబ్బు చెల్లిస్తూ తీరికగా కబుర్లు చెప్పుకోవడానికి ఒక ప్రత్యేక గల్లా తెరిచింది. ఆదరణ చూసి మరెన్నో ఊళ్ళకు విస్తరించింది. ఒకప్పుడు ప్రతి కొట్టులోను అడుగకుండా దొరికినదానిని ఇప్పుడు ప్రత్యేక సదుపాయంగా ప్రకటించవలసి వచ్చింది.

పాత వీధిని స్వర్గంగా చిత్రించడం కూడా న్యాయం కాదు. రోచ్‌డేల్ కార్మికులు సొంత కొట్టు పెట్టుకోవడానికి కారణమే ఆ వీధిలోని కల్తీ. చిన్న కొట్టులో ధర తరచుగా ఎక్కువ. ఆ భారం పేదవాడిదే. మన ఊళ్ళలోనైతే ఎవరిని అరుగు మీద కూర్చోబెట్టాలో, ఎవరికి దూరం నుండి సరుకు అందించాలో కులాన్ని బట్టి నిర్ణయించిన కాలం ఉంది. అరువు ఖాతా ఆదుకొన్న కుటుంబాలు ఉన్నట్లే, అది తీరక తరతరాలు తలవంచిన కుటుంబాలూ ఉన్నాయి. పేరు, ఊరు అడుగక అందరికీ ఒకే ధర చెప్పే దుకాణంలో అడుగుపెట్టినప్పుడు కొందరికి కలిగిన స్వేచ్ఛను తక్కువచేసి మాట్లాడే హక్కు, అటువంటి అవమానం ఎరుగనివారికి లేదు. కదలలేని రోగికి మందులు గుమ్మంలోకి వచ్చి చేరడం కూడా మేలే. తెలిసి ఉండటంలో ఆదరణా ఉంది, పెత్తనమూ ఉంది. రెండింటినీ విడదీయడం కష్టం.

బ్రిటన్ చేసిన చికిత్సలు పలువిధాలు. 2011లో మేరీ పోర్టాస్ అనే వ్యాపార నిపుణురాలు ప్రభుత్వం కోరికపై 28 సిఫారసులతో నివేదిక ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది కొన్ని పట్టణాలకు స్వల్ప నిధులు కేటాయించారు. పూలకుండీలు వచ్చాయి, పండుగలు జరిగాయి. దుకాణాల మూసివేత మాత్రం ఆగలేదు. ఇంతకంటే ఆలోచింపజేసేది స్టాక్టన్ పట్టణం చేసిన పని. 1825లో ప్రజా రైలుమార్గం మీద తొలి ఆవిరి రైలుబండి చేరుకొన్న ఊరుగా దానికి చరిత్రలో స్థానం ఉంది. అక్కడి పురపాలక సంఘం తన హై స్ట్రీట్‌కు, టీస్ నదికి అడ్డుగోడలా నిలిచిన క్యాజిల్‌గేట్ దుకాణాల సముదాయాన్ని కొని, కూల్చివేసి, ఆ చోట నది ఒడ్డు దాకా ఉద్యానం నిర్మించడానికి పూనుకొన్నది. కొట్లు తిరిగి రావని ఒప్పుకొని, మనుషులు తిరిగి రావడానికి మరొక కారణం కల్పించే ప్రయత్నమిది. వ్యాపారం లేని కూడలిలో జనం ఎంతకాలం నిలుస్తారో చూడవలసి ఉంది.

ఈ కథ మన పట్టణాలకు ఉన్నదున్నట్లు వర్తించదు. హైదరాబాదునే చూద్దాం. 2001లో ఆర్.పి.జి. సంస్థ ‘జయంట్’ పేరుతో పెద్ద దుకాణాన్ని ఇక్కడే తెరిచింది. 2006లో రిలయన్స్ ఫ్రెష్ తన తొలి దుకాణాలను ప్రారంభించినదీ ఈ నగరంలోనే. 2019లో అమెజాన్ ప్రపంచంలోనే తన అతి పెద్ద కార్యాలయ ప్రాంగణాన్ని నానక్‌రామ్‌గూడలో నెలకొల్పింది. అయినా కిరాణా కొట్టు పోలేదు. పైగా దేశమంతటా వెలిగిన బిగ్ బజార్ పేరు 2022లో అప్పుల చిక్కులలో కనుమరుగుకాగా, బేగంబజారులో కాలు పెట్టే చోటు దొరకదు. ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉండటం, కారు లేనివారు ఎక్కువగా ఉండటం, అద్దె లేని సొంత గదిలో ఇంటిల్లిపాదీ కూర్చొని కొట్టు నడపడం, అన్నిటికీ మించి అరువు పుస్తకం మన కొట్లను కాపాడాయి.

కాని ఇక్కడ క్షీణత వేరొక దారిలో వస్తున్నది. పది నిమిషాలలో పాలు, కూరలు గుమ్మంలో దింపే సంస్థలకు వీధిలో దుకాణమే అక్కరలేదు. జనం చూడని ఒక గిడ్డంగి చాలు. అక్కడికి కొనేవారెవరూ వెళ్ళరు. సరుకు తెచ్చే యువకుని పేరు మన ఫోనులో కనిపిస్తుంది, మరునాడు ఇంకొక పేరు కనిపిస్తుంది. కొట్టు యజమానుల పిల్లలు చదువుకొని ఇతర ఉద్యోగాలకు వెళ్ళడం కూడా సాధారణమైంది. పగలంతా గల్లా దగ్గర కూర్చొన్న తండ్రి కొడుకుకు ఆ గతి పట్టకూడదని కోరుకోవడంలో తప్పు పట్టడానికి లేదు. డడ్లీలో వలె ఇక్కడ వీధి మొత్తం ఒక్కసారి ఖాళీ కాదు. ఒక కొట్టు షట్టరు దిగుతుంది, కొంతకాలానికి ఆ గదిలో మొబైలు ఫోన్ల దుకాణమో, ఏ.టి.ఎం. యంత్రమో వెలుస్తుంది. వీధి నిండుగానే కనిపిస్తుంది. తాళం చెవి ఇచ్చి వెళ్ళడానికి మనిషి ఉన్నాడా లేడా అన్నది చూపుకు అందదు.

హైదరాబాదులో ఆబిడ్స్ అనే ప్రాంతానికి ఆ పేరు ఒక దుకాణం వలన వచ్చింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అక్కడ కొట్టు పెట్టాడు. ఆ కొట్టు పోయి ఎన్నో దశాబ్దాలైంది. పేరు మాత్రం బస్సుల పలకల మీద నిలిచి ఉంది. ఆదివారం అక్కడి పెద్ద దుకాణాలు మూసి ఉంటాయి. మూసిన షట్టర్ల ముందు, కాలిబాట మీద పాత పుస్తకాలవారు గోనెపట్టాలు పరుస్తారు. నిరుడు ఇంటర్మీడియట్ పూర్తి చేసినవారు తమ పుస్తకాలు అమ్మడానికి, ఈ ఏడు చేరినవారు కొనడానికి అక్కడికి వస్తారు. అట్ట వెనుక వ్రాసి ఉన్న పాత పేరు చూసి, ఏ కాలేజీ అని అమ్మేవాడు అడుగుతాడు. అక్కడ బేరం ఇంకా నోటితోనే సాగుతున్నది.